హాల్నీ గాలిలో ఊరిన మాంసం

తెక్లా పందిని పొడిచేటప్పుడు దాని కళ్ళలోకి చూడదు. గొడ్డలి వెనకతట్టుతో నుదుటి మీద ఒక్క దెబ్బ వేస్తుంది. పంది ముందుకాళ్ళ మీద కూలబడేలోగా దాని భుజానికి మోకాలు ఆనించి, రొమ్మెముక మొదలయ్యే చోట కత్తిని పిడిదాకా దించి, మణికట్టును ఒక్కసారి మెలితిప్పుతుంది. రక్తం బేసిన్‌లోకి ఎగజిమ్ముతుంది. అది గడ్డకట్టకుండా ఇంటి ఇల్లాలు మోచేతిదాకా చెయ్యి పెట్టి కలుపుతూనే ఉండాలి. మొహం తిప్పుకున్న ఇల్లాలిని చూస్తే తెక్లాకు ఒళ్ళు మండేది.

"తినేటప్పుడు ఇటే చూస్తావు గదటే! ఇప్పుడూ ఇటే చూడు" అనేది.

అరవై ఒకటో ఏట కూడా ఆమె రోజుకు రెండు పందుల్ని పడగొట్టేది. మా కొండ ఊళ్ళో దేవుణ్ణి తిట్టని మగాడు లేడు, ఏలే పార్టీని తిట్టని మగాడు లేడు, పెళ్ళాన్ని తన్నని మగాడు అసలే లేడు. తెక్లాకు ఎదురుగా నిలబడి ఒక్క మాట అన్నవాడు మాత్రం లేడు. పెళ్ళయిన కొత్తలో మొగుడు షిమెక్ ఆమెను బెల్టుతో కొట్టాడట. రెండోసారి బెల్టు తీసినప్పుడు, బల్ల మీద ఆనించి ఉన్న అతని అరచేతిలోంచి కింది చెక్కలోకి కత్తి దించి, "ఇప్పుడు కొట్టు" అని, ఇంకో కత్తి తీసుకుని రొట్టె కోసుకోవడం మొదలుపెట్టిందట. ఆ తర్వాత పదకొండేళ్ళు వాళ్ళు ఏ గొడవా లేకుండా కాపురం చేశారు. అడవిలో దుంగ దొర్లి మీద పడి షిమెక్ చచ్చిపోయాడు. "మంచోడే. చెబితే నేర్చుకున్నాడు" అని ఆమె చెప్పేది.

ఆమె దవడ ఎడమవైపుకు ఒరిగిపోయి ఉండేది. మాటలు నోటి మూలనుంచి వచ్చేవి. ఆ దవడ ఎలా విరిగిందో ఊరంతటికీ తెలుసు. నేను మాత్రం ఆమె నోటనే విన్నాను.

యుద్ధం అయిపోయిన మొదటి చలికాలం. ఆమెకు ఇరవై రెండేళ్ళు. తండ్రిది కూడా పందులు కోసే పనే. క్రిస్మస్‌కు వారం ముందు ఇంట్లో పంది కోశారు. మాంసం ఊరబెట్టే సూరేకారం ఎక్కడా దొరకలేదు. తండ్రి ఉత్త ఉప్పు పట్టించి తొట్టెలో పెట్టాడు. మూడో రోజున హాల్నీ మొదలైంది. దక్షిణపు శిఖరాల మీదనుంచి దొర్లుకుంటూ దిగే ఆ వేడిగాలి ఒక్క పూటలో మంచునంతా నీళ్ళు చేసేస్తుంది. అది వీచినన్నాళ్ళూ మా మనుషుల తలలు పగిలిపోతుంటాయి. కుక్కలు సొంత యజమానుల్ని కరుస్తాయి. మగాళ్ళు ఉరేసుకుంటారు, లేకపోతే ఇంకొకణ్ణి పొడుస్తారు.

"నాన్నా, మాంసం వెచ్చబడింది" అంది తెక్లా. తండ్రి చేతిలో చెక్క సుత్తి ఉంది. దాంతోనే ఆమె మూతి మీద కొట్టాడు.

ఆ మాంసాన్నే పేగుల్లో కూరి చేసిన సాసేజిని పండగనాడు అందరూ తిన్నారు. ఆమె నమల్లేక పాలు తాగింది. మర్నాడు సాయంత్రం తల్లికి దీపం రెండుగా కనిపించింది. ఇద్దరు తమ్ముళ్ళకీ కనురెప్పలు వాలిపోయాయి. వేళ్ళతో ఎత్తి పట్టుకుని చూసేవాళ్ళు. నాలుకలు మొద్దుబారాయి. నీళ్ళు పోస్తే ముక్కులోంచి తిరిగొచ్చేవి. జ్వరం లేదు, మతి పోలేదు. అన్నీ తెలుస్తూనే ఊపిరి తీసుకునే బలం లేక ఒకరి తర్వాత ఒకరు పోయారు. అందరికంటే చివర పోయింది తండ్రి. కొట్టినవాడి నోట్లో ఆమే చెంచాతో నీళ్ళు పోసింది.

"క్షమించమని అడిగాడా పెద్దమ్మా?" అన్నాను.

"నాలుక తిరిగితేగా" అంది.

ఆ చలికాలం నుంచీ ఆమె పనిచేసే పద్ధతి జనానికి చాదస్తంగా కనిపిస్తూ వచ్చింది. కోసిన మాంసాన్ని ఒక రాత్రంతా చల్లార్చేది. పది కిలోల మాంసానికి రెండు వందల గ్రాముల ఉప్పు వేసేది. సూరేకారాన్ని మాత్రం మందుల కొట్టు తక్కెడలో తూచేది, చేతి అంచనాను నమ్మేది కాదు. "ఎక్కువ పడితే ఇది చంపుద్ది. తక్కువ పడితే మాంసం చంపుద్ది" అనేది. ఆ తర్వాత తొట్టెలో అదిమి పెట్టి నేలమాళిగలో నాలుగు రోజులు ఉంచాలి. పాలడైరీ నుంచి కాజేసిన థర్మామీటరు ఒకటి తొట్టెలో గుచ్చి ఉండేది. అది నాలుగు డిగ్రీలకూ ఆరు డిగ్రీలకూ మధ్యే ఆడాలి. నాలుగో రోజున పెద్ద ముక్కొకటి తీసి నిలువునా కోసి చూసేది. నడిమధ్యదాకా ఎర్రబడి ఉంటేనే పని మొదలు. మధ్యలో బూడిదరంగు మచ్చ ఉంటే ఇంకో రోజు ఆగాలి, ఇంటివాళ్ళు ఎంత మొత్తుకున్నా సరే. ఆగాక మాంసం తరిగే మిషన్‌లో వేసి, వెల్లుల్లి, మిరియాలు, మార్జోరం ఆకు కలిపి, అందులో పిడికెడు తీసి పెనం మీద వేయించి అప్పుడు ఉప్పు చూసేది. పచ్చిమాంసాన్ని ఎవర్నీ నాలుక మీద పెట్టనిచ్చేది కాదు. శుభ్రం చేసిన పేగుల్లో కూరి, ఒక పూట గాలికి ఆరబెట్టి, ఆల్డర్ కట్టెల పొగలో వేలాడదీసి, చివర మరగనివ్వని వేడినీళ్ళలో మధ్యదాకా కాగేవరకూ ముంచి తీసేది.

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆమె చేసిన సాసేజి తిని ఒక్కడికీ కడుపునొప్పి రాలేదు. అందుకు ఆమెకు ఎవరూ దండం పెట్టలేదు. రాని నొప్పికి ఎవడు దండం పెడతాడు?

మాంసానికి కూపన్లు నడుస్తున్న రోజుల్లో, ఒక నవంబరు నెలలో, క్లీమెక్ సోబ్‌చాక్ కూతురు రొజాల్కాకు పెళ్ళి కుదిరింది. పిల్లకు అప్పటికే నాలుగో నెల. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలైతే ఫాదర్ పెళ్ళిళ్ళు చేయడు. పండగలు దాటేదాకా ఆగితే పొట్ట దాగదు. అందుకని ఆగమనం ముందరి చివరి శనివారానికి ముహూర్తం పెట్టారు. నూట ఇరవైమంది అతిథులు, రెండు పందులు. సాసేజి లేని పెళ్ళి మా దగ్గర పెళ్ళి కిందికి రాదు. అదీ గాక క్లీమెక్ ఊరంతటికీ ముందే చాటుకున్నాడు, ఒక్కొక్క అతిథికీ మూరెడు పెడతానని.

పెళ్ళికి ఎనిమిది రోజుల ముందు, శుక్రవారంనాడు తెక్లా రెండు పందుల్నీ కోసింది. శనివారం ఉప్పూ సూరేకారమూ పట్టించి రెండు తొట్టెల్లో అదిమి, నేలమాళిగలోకి దింపించింది.

"బుధవారం వస్తాను. ఈలోగా ఈ తలుపు తెరిచినోడి చేతులు నరుకుతా" అని చెప్పింది.

"నీ పందుల్ని ఎవడెత్తుకుపోతాడు తెక్లక్కా, చచ్చినా నీకే భయపడతాయవి" అని క్లీమెక్ నవ్వాడు.

ఆదివారం మధ్యాహ్నం పక్క ఊళ్ళో మిలీషియావాళ్ళు, అంటే మా పోలీసులు, నాటుసారా కోసం ఇళ్ళు సోదా చేశారు. క్లీమెక్ కొట్టంలో గడ్డి కింద పెళ్ళి కోసం కాచిన ఎనభై లీటర్ల సారా ఉంది. మా ఊరి మగాడికి ఇల్లు తగలబడుతుంటే ముందు గుర్తొచ్చేది సారానే. క్లీమెక్, అతని బావమరిది ఫ్లోరెక్ కలిసి ఆ డబ్బాలన్నీ నేలమాళిగలోకి దింపారు. ఫ్లోరెక్ అంటే దూడను ఒంటిచేత్తో ఎత్తేంత మనిషి. మాళిగ చిన్నది. డబ్బాలకు చోటు కోసం మాంసం తొట్టెలు రెంటినీ పైకి తెచ్చి కట్టెల షెడ్డులో పెట్టారు. ఆదివారం సాయంత్రం చలిగానే ఉంది. సోమవారం తెల్లవారేసరికి హాల్నీ దిగింది.

బుధవారానికి నేను పనిచేసే మిల్లు కప్పు రేకులు లేచిపోయి పని ఆగింది. కరెంటు తీగలు తెగాయి. మిషను చేత్తో తిప్పాలి కనక క్లీమెక్ నన్ను పిలిచాడు. నేను వెళ్ళేసరికి తెక్లా నేలమాళిగ తలుపు తెరిచి లోపలికి చూస్తోంది.

"తొట్టెలేవిరా?"

క్లీమెక్ షెడ్డువైపు గడ్డం ఎగరేశాడు. "పైన పెట్టాంలే అక్కా. మూతలు బాగానే ఉన్నాయి."

ఆమె షెడ్డులోకి వెళ్ళి మూత తీసి థర్మామీటరు చూసింది. పదిహేడు. తొట్టె అడుగునుంచి పెద్ద ముక్కొకటి లాగి నిలువునా కోసింది. అంచులు ఎర్రగా ఉన్నాయి, నడుమ అరచేతి వెడల్పున బూడిదరంగు. కత్తి అలుగు మీద జిగురు సాగింది.

"ఎప్పుడు పైకి తెచ్చావు?"

"ఆదివారం సాయంత్రం. అయితే ఏంటట? వాసన చూడు. పువ్వులా ఉంది."

"మా అమ్మ తిన్నదీ పువ్వులాగే ఉంది."

"మీ అమ్మ చచ్చి నలభై ఏళ్ళయింది. ఇంకా ఆమెను మా తొట్టెల్లో వెతుకుతున్నావా?" అన్నాడు క్లీమెక్. ఫ్లోరెక్ పళ్ళికిలించాడు.

"పాతిపెట్టించు. లోతుగా. కుక్కలు తవ్వకుండా పైన సున్నం పోయించు."

"రెండు పందుల్ని! రెండు పందుల్ని పాతెయ్యాలా? నూట ఇరవైమందికి ఏం పెట్టను, నీ వంకర దవడా?"

క్లీమెక్ భార్య లుద్వీనా ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "పొగలో పెడితే విషం చావదా అక్కా? బాగా పొగబెడితే?"

"పొగ దాన్ని చంపదు తల్లీ. వెచ్చగా దుప్పటి కప్పుద్ది. వాసన రాదు, రుచి మారదు. మూడోనాడు నీ కూతురికి నువ్వు ఇద్దరుగా కనిపిస్తావు. దాని కడుపులోది..."

"నోర్ముయ్!" అని క్లీమెక్ అరిచాడు. "పెళ్ళింట్లో నిలబడి అపశకునాలు కూస్తావా?"

తెక్లా తొట్టె అంచు రెండు చేతులా పట్టుకుని బోర్లించబోయింది. సగం మాంసం మట్టిలో పడింది. క్లీమెక్ ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఆమె మోచెయ్యి వెనక్కి విసిరితే అతని ముక్కునుంచి రక్తం కారింది. ఫ్లోరెక్ ఆమె నడుం చుట్టూ చేతులు వేసి, గుమ్మడికాయను ఎత్తినట్టు ఎత్తి, గేటు బయటికి విసిరేశాడు. ఆమె తల రాతి స్తంభానికి కొట్టుకుంది. లేచి నిలబడి, చెవి మీద రక్తం తుడుచుకుని, "ఎవడైనా తిన్నాడంటే వాణ్ణి నువ్వు చంపినట్టేరా క్లీమెక్" అని గాలిలో అరిచి వెళ్ళింది.

"నువ్వేం గుడ్లప్పగించి చూస్తున్నావు? తిప్పు" అన్నాడు క్లీమెక్ నాతో.

పాడైన మాంసంలో పుట్టే ఈ విషం గురించి నేను పుస్తకంలో చదివినవాణ్ణే. వాలిన కనురెప్పల సంగతి చదివాను, ఊపిరి ఆగిపోవడం చదివాను. అయినా తిప్పాను. మట్టిలో పడ్డదాన్ని కడిగి తెచ్చి వేస్తే, అదీ తిప్పాను. మిల్లు మూతపడింది, క్లీమెక్ సారా పోస్తానన్నాడు, గాలికి తల బద్దలవుతోంది. ఇవేవీ కారణాలు కావని అప్పుడూ తెలుసు.

వెల్లుల్లీ మిరియాలూ కలిపాక ఉప్పు చూడాలి. పెనం పెట్టడానికి లుద్వీనా ఒప్పుకోలేదు. హాల్నీ వీచేటప్పుడు మా ఊళ్ళో ఎవరూ పొయ్యి వెలిగించరు. అన్నీ చెక్క ఇళ్ళు. ఒక్క నిప్పురవ్వ ఎగిరినా వీధంతా పోతుంది. వారం రోజులైనా చల్లని పాలూ రొట్టే తిని ఉంటాం. అందుకని క్లీమెక్ పచ్చిదే వేలితో తీసి నాకాడు. ఒకసారి ఉప్పు చాల్లేదన్నాడు, ఇంకోసారి మిరియాలు. ఐదారుసార్లు వేలు ముంచాడు. రుచి చూడటం ఇంటి యజమాని హక్కు కనక ఇంకెవరూ ముట్టలేదు.

గురువారం కూడా గాలి తగ్గలేదు. క్లీమెక్ ఇక ఆగలేకపోయాడు. పొగగది రాతిది, ఏం కాదంటూ లోపల ఆల్డర్ కట్టెలు అంటించాడు. గోడలు రాతివే గాని కప్పు చెక్కపెంకులది. ఆ సందులనుంచి పొగ బయటికొచ్చి, లేవలేక, నేల మీద పాములా పాకుతూ వీధిలోకి పోయింది. అరగంటలో చుట్టుపక్కలవాళ్ళంతా బకెట్లతో కంచె దగ్గర నిలబడ్డారు.

"ఆర్పుతావా, నీ తల పగలగొట్టమంటావా?"

"మీ కొంపలు కాలితే నేను కట్టిస్తా, పొండి!"

"వీడికి కూతురి పొట్ట కంగారు. ఊరు తగలబడినా ఫర్లేదు!"

ఆ మాటన్నవాడి మీదికి ఫ్లోరెక్ కంచె కర్ర పీక్కుని వెళ్ళాడు. ఇద్దరూ బురదలో పడి ఒకరి చెవి ఒకరు కొరుక్కుంటున్న ఆ సందట్లో తెక్లా వచ్చింది. నడుముకు గొడ్డలి దోపుకుని ఉంది. క్లీమెక్ పందులదొడ్డి వెనక మురుగుగుంటలో రెండు బకెట్లు ముంచి, రెండు చేతులా మోసుకుంటూ పొగగది వైపు నడిచింది. నిప్పు ఆర్పడానికే అనుకుని జనం దారి ఇచ్చారు. ఆమె కాలితో తలుపు తన్ని తెరిచి, మొదటి బకెట్ నిప్పు మీద పోసింది. రెండో బకెట్ పైకి, వేలాడుతున్న సాసేజీల వరసల మీద విసిరింది. పందిపెంట మాంసం మీదుగా ధారలు కట్టింది. తర్వాత గొడ్డలి తీసి అడ్డకర్రలు నరికింది. రెండు పందుల మాంసం పెంటలో, తడిబూడిదలో పడింది. ఆమె దాని మీద బూట్లతో తొక్కుతూ తిరిగింది.

క్లీమెక్ వచ్చేసరికి చివరి కర్ర మిగిలి ఉంది. అతను కింద పడిన కర్రొకటి తీసుకుని కొట్టాడు. తల కాచుకోవడానికి ఆమె ఎడమచెయ్యి ఎత్తింది. ఎముక విరిగిన చప్పుడు గాలిలో కూడా వినిపించింది. రెండో దెబ్బ వీపు మీద పడింది. మూడో దెబ్బా వీపు మీదే. ఆమె మోకాళ్ళ మీదికి కూలి, కుడిచేత్తో ఇంకా శుభ్రంగా ఉన్న సాసేజి చుట్టొకటి లాగి బూడిదలో రుద్దుతూనే ఉంది. కంచె అవతల ముప్పైమంది ఉన్నారు, నాతో కలిపి. నిప్పు ఆరిపోయింది కనక వాళ్ళ పని అయిపోయింది. ఎవరూ కంచె దాటలేదు.

"చాల్లే బావా" అన్నాడు ఫ్లోరెక్, చిరిగిన చెవి పట్టుకుని. "పెంటలో పడ్డాక ఇంక దేనికి కొడతావు?"

క్లీమెక్ కర్ర వదిలేసి గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు.

తెక్లా విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అందర్నీ చూసింది. "ఎవడైనా తిన్నాడా? ఒక్క ముక్కైనా?"

నేను చెప్పాను. "క్లీమెక్ రుచి చూశాడు పెద్దమ్మా. నిన్న. పచ్చిది."

"ఎంత?"

"ఐదారు వేళ్ళు."

అప్పటిదాకా నొప్పికి కూడా మారని ఆమె మొహం అప్పుడు మారింది. "ఒరేయ్ క్లీమెక్, ఇప్పుడే ఆసుపత్రికి పో. సూది మందుంటది. ఇప్పుడైతే పనిచేస్తది."

"నీ చెయ్యి తీసుకుని నువ్వు పో" అని అతను ఉమ్మేశాడు.

మిల్లు లారీ డ్రైవర్ని బతిమాలి ఆమెను నేనే కింది పట్నం తీసుకెళ్ళాను. సిమెంటు కట్టు వేస్తున్న కుర్ర డాక్టరుకు ఆమె తన చెయ్యి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. క్లీమెక్ గురించే చెప్పింది. డాక్టరు పుస్తకం తిరగేసి చూసి, "మనిషిని తీసుకురండి, చూస్తాను" అన్నాడు. శుక్రవారం ఆమె రెండుసార్లు క్లీమెక్ గేటు దగ్గరికి వెళ్ళింది. రెండుసార్లూ కుక్కను వదిలారు.

శుక్రవారం సాయంత్రం గాలి పడిపోయి వాన మొదలైంది. శనివారానికి అది మంచుగా మారింది. చర్చిలో పెళ్ళి అయింది. మధ్యాహ్నం రెండింటికి ఫైర్ స్టేషన్ హాల్లో విందు. క్యాబేజీ, బంగాళాదుంపలు, గొర్రె జున్ను, ఇరుగూ పొరుగూ తెచ్చిన కోళ్ళు. బల్లల మీద సాసేజి ఉండాల్సిన చోట ఊరగాయ దోసకాయలు పెట్టారు.

"ఇది పెళ్ళా, ఉపవాసమా?" అన్నాడు పెళ్ళికొడుకు పినతండ్రి, హాలంతా వినబడేలా. "పిల్ల కడుపు నిండింది గాని మా కడుపులు నిండలేదు!"

ఫ్లోరెక్ బెంచీ ఎత్తాడు. బెంచీ ఆ పినతండ్రి భుజం మీద విరిగింది. పది నిమిషాలు పళ్ళూ పళ్ళేలూ ఎగిరాయి. బాజాలవాళ్ళు వాయించడం మాత్రం ఆపలేదు, అది వాళ్ళకు అలవాటే. మళ్ళీ అందరూ కూర్చుని ఒకళ్ళకొకళ్ళు సారా పోసుకున్నారు.

తెక్లా వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెను ఎవరూ పిలవలేదు. ఎడమచెయ్యి కట్టులో ఉంది. కొట్లాట వైపు చూడలేదు, క్లీమెక్ వైపే చూస్తోంది. అతను వధూవరులు కూర్చున్న పెద్దబల్ల దగ్గర నిలబడి వియ్యంకుడి గ్లాసులో సారా పోయబోయి గ్లాసు పక్కన పోశాడు. హాలంతా గొల్లున నవ్వింది. తల వెనక్కి వాల్చి, రెప్పల కిందనుంచి జనాన్ని చూస్తూ ఏదో చెప్పబోయాడు. మాట ముద్దగా వచ్చింది.

"కూతురి పెళ్ళినాడు తాగకపోతే ఇంకెప్పుడు తాగుతాడు!" అని ఎవరో చప్పట్లు కొట్టారు.

తెక్లా లుద్వీనా చెయ్యి పట్టుకుంది. "ఎంత తాగాడే?"

"ఎక్కడ తాగాడక్కా, పొద్దున్నుంచి ఒక్క గ్లాసు దిగలా. గొంతులో అడ్డం పడుతోందంటాడు. నోరు ఎండిపోతోందంటాడు."

"నీళ్ళు ముక్కులోంచి వచ్చినాయా?"

లుద్వీనా నోటికి ఏప్రన్ అడ్డం పెట్టుకుంది. తల ఊపింది.

తెక్లా లారీ డ్రైవర్ దగ్గరికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. లుద్వీనా కూడా వచ్చి బతిమాలింది. డ్రైవరు తాగిన మొహంతో నవ్వాడు. "తాగినోణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాలా? అట్లయితే ఈ హాలంతా ఎక్కించాల!" పక్కనున్నవాళ్ళు బల్లలు గుద్దుతూ నవ్వారు. వాడు తాగలేదు, విషం అని నేనన్నాను. "పుస్తకాలు చదివి నీకూ ఎక్కింది" అన్నారు. ఫ్లోరెక్ తెక్లా కట్టుచేతిని చూపించి, "పగ తీర్చుకోడానికొచ్చింది, గెంటండి" అన్నాడు. క్లీమెక్ కూడా ఏదో అన్నాడు. గెంటండి అనే అయ్యుండాలి. మాట తెలియలేదు.

మా ఊళ్ళో తాగి పడ్డవాణ్ణి ఎవడూ ఎత్తడు. తల పగిలినవాణ్ణి మాత్రం ఎత్తుతారు. రక్తం పోయి మనిషి చస్తే మిలీషియా వచ్చి హాల్లో ఉన్న ప్రతివాణ్ణీ తీసుకుపోతుంది కనక. తెక్లాకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. ఆమె బల్ల మీదనుంచి నిండు సీసా ఒకటి మెడ దగ్గర పట్టుకుని, పెద్దబల్ల చుట్టూ నడిచి వెళ్ళి, కూతురు పక్కన నిలబడి ఉన్న క్లీమెక్ నుదుటి మీద కొట్టింది.

రక్తం రొజాల్కా తెల్లగౌను మీద చిందింది. క్లీమెక్ బల్ల పట్టుకుని ఊగుతున్నాడు. తెక్లా ఇంకో దెబ్బ కొట్టింది. సీసా పగిలింది. అతను పడ్డాడు.

ఆడవాళ్ళు ఆమె జుట్టు పట్టి ఈడ్చారు. ఫ్లోరెక్ కట్టు మీద తన్నాడు. ఆమె అరవలేదు. "లారీ తియ్యండిరా, చస్తాడు" అని మాత్రం అంటోంది. డ్రైవరు మత్తు అప్పటికే దిగిపోయింది. నలుగురు క్లీమెక్‌ను లారీలోకి ఎత్తారు. మిలీషియాకు అప్పగించడానికని తెక్లాను కూడా అదే లారీలో పడేసి, మీద ఇద్దరు కూర్చున్నారు. నేను వెనక వేలాడాను.

ఆసుపత్రిలో ఆ కుర్ర డాక్టరే ఉన్నాడు. సూదీ దారం తీసుకుని క్లీమెక్ తలమీదికి వంగాడు.

"తల తర్వాత కుట్టుకుందువు గాని" అంది తెక్లా, తన మీద కూర్చున్నవాణ్ణి నెట్టేస్తూ. "రెప్పలెత్తి చూడు. గురువారం నీకు చెప్పింది ఈ మనిషి గురించే."

అతను రెప్పలెత్తి దీపం వేసి చూశాడు. కంటిపాప దీపానికి కదల్లేదు. నాలుక చాపమన్నాడు. క్లీమెక్ చాపలేకపోయాడు. డాక్టరు సూది పక్కన పడేసి ఫోను దగ్గరికి పరిగెత్తాడు. విరుగుడు మందు పెద్ద నగరంనుంచి అంబులెన్సులో వచ్చింది. అది వచ్చేసరికి క్లీమెక్ ఊపిరిని మిషను తీస్తోంది. మూడు వారాలు మిషనే తీసింది. ఇంకో పూట ఆలస్యమైతే మిషను కూడా అక్కర్లేకపోయేదని డాక్టరు లుద్వీనాతో అన్నాడట.

క్లీమెక్ చావలేదు. జనవరిలో గొంతులో గొట్టం తీశారు. మాట వచ్చాక అతను మొదట పిలిపించింది పెళ్ళాన్ని కాదు, ఫాదర్‌నీ కాదు, మిలీషియావాణ్ణి. నిండు పెళ్ళిలో, నూట ఇరవైమంది ఎదుట, తెక్లా తనను సీసాతో కొట్టిందని ఫిర్యాదు రాయించాడు. సాక్షులకు కొదవలేదు.

మిలీషియా సార్జెంటు వచ్చిన రోజు నేను తెక్లా ఇంట్లో కట్టెలు కొడుతున్నాను. ఆమె ఎడమచెయ్యి సరిగా అతకలేదు, వేళ్ళు ముడుచుకోవు. సార్జెంటు టోపీ తీసి బల్ల మీద పెట్టి కాగితాలు పరిచాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు.

"చూడండి పెద్దమ్మా, డాక్టరు ఇంకోలా రాసిచ్చాడు. మీరు కొట్టకపోతే మనిషి బతికేవాడు కాదని. మీరు కూడా అదే మాట అంటే ఈ కేసు ఇక్కడితో పోద్ది. కోపంతో కాదు, ప్రాణం కాపాడ్డానికే కొట్టానని చెప్పండి. రాసుకుంటాను."

తెక్లా ముడుచుకోని వేళ్ళను బల్ల మీద పెట్టింది.

"కాపాడ్డానికే కొట్టాను. మొదటి దెబ్బకే రక్తం వచ్చింది. అది చాలు వాణ్ణి లారీ ఎక్కించడానికి."

సార్జెంటు రాసుకుని తలెత్తాడు. "రెండు దెబ్బలని సాక్షులు చెబుతున్నారు."

"రెండే."

"మరి రెండోది?"

"రెండోది నా చేతి కోసం" అంది తెక్లా. "అదీ రాసుకో."